ఏడవలేదన్న నింద

మా అమ్మ పోయిన రోజు నేను ఏడవలేదని మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఏడ్చాను. కన్నీళ్లు రాలేదు, అంతే. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా వాళ్లకు తెలియజెప్పడానికి నేను చావు దాకా వెళ్లి రావలసి వచ్చింది. వచ్చి చెప్పాక కూడా నమ్మనివాళ్లు ఉన్నారు. వాళ్ల మీద కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

అమ్మ బిట్రగుంటలో మా అన్న దగ్గర ఉండేది. నాన్న రైల్వేలో పని చేసి, పాత రైల్వే కాలనీకి దగ్గరలోనే చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఆయన అమ్మ కంటే ముందే పోయాడు. నేను ఇటు వాకాడు మండలంలో, సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్లో, ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర మోటార్లు, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు చూసుకునే మెకానిక్. అమ్మకు గుండె ఆగిపోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను రెండో తరగతికి తీసివేతలు చెబుతున్నాను. ఎలా బస్సెక్కానో, నెల్లూరులో ఎలా మారానో నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా కళ్లలో మంట. ఎవరో గుప్పెడు ఇసుక తెచ్చి రెప్పల కింద పోసినట్టు, రెప్ప వేసినప్పుడల్లా గరగరమని రాసుకునేది. నోట్లో తడి లేక నాలుక అంగిలికి అతుక్కుపోయింది.

ఇంటి ముందు షామియానా వేశారు. అమ్మను పెట్టెలో పడుకోబెట్టి తల దగ్గర కొవ్వొత్తులు వెలిగించారు. చర్చి ఆడవాళ్లు పాటలు పాడుతున్నారు. నేను పెట్టె పక్కన కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఒళ్లంతా కదిలిపోయేలా ఏడుస్తున్నాను, కానీ చెంపలు పొడిగా ఉన్నాయి. పాడదామని నోరు తెరిస్తే మాట పెగల్లేదు. కాసేపు చూసి మా మేనత్త, అంటే నాన్న చెల్లెలు, అందరికీ వినిపించేలా అంది.

"ఏందిమే, కన్నతల్లి పెట్టెలో పండుకోనుంటే నీ కంట్లో తడే లేదే! టీచరమ్మకు ఏడ్చేదానికి గూడా నామోషీ అయిపోయిందా?"

పాడుతున్నవాళ్లు పాట ఆపలేదు గానీ, తలలు మాత్రం తిప్పారు. అన్ని కళ్లూ నా చెంపల మీదే. మనిషి పోయిన ఇంట్లో పోయిన మనిషిని వదిలేసి నా ముఖం చూడటం మొదలుపెట్టారు. నేను పైట చెంగుతో కళ్లు తుడుచుకున్నట్టు నటించి ఉంటే ఆ పూట గడిచిపోయేది. అమ్మ పక్కన కూర్చుని నటించడం నా వల్ల కాలేదు.

సమాధి చేసి వచ్చాక అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"అమ్మ నిన్ను తలుచుకోని రోజు లేదు. నీకు ఆ మాత్రం కూడా లేకపోయిందే" అన్నాడు.

"అన్నా, నాకు కళ్లు..."

"వద్దులే. నువ్వేం చెప్పబాక."

ఆ తర్వాత అన్న ఫోన్ చేయడం మానేశాడు. నేను చేస్తే వదిన ఎత్తి, ఇంట్లో లేడనేది. వెనక టీవీ ముందు కూర్చున్న అన్న దగ్గు నాకు వినబడుతూనే ఉండేది.

నిజానికి ఆ ఎండిపోవడం ఆ రోజు మొదలైంది కాదు. కొన్నేళ్లుగా నా ఒళ్లు ఒక్కో చోట ఎండుకుంటూ వచ్చింది. ముందు కళ్లు. నెల్లూరులో కళ్ల డాక్టరుకు చూపిస్తే, "ఫోన్ ఎక్కువ చూస్తారా?" అన్నాడు. చూడనంటే నమ్మలేదు. చుక్కలు రాసి పంపించాడు. తర్వాత పళ్లు. అన్నం తింటుంటే పన్ను ముక్క రాయిలా నోట్లోకి వచ్చేది. చిగుళ్ల దగ్గర నల్లబడి, ఒకదాని తర్వాత ఒకటి విరిగిపోయాయి. పళ్ల డాక్టరమ్మ, "ఆకూ వక్కా వేస్తారా? రాత్రి పూట బ్రష్ చేసుకోరా?" అని చిన్నపిల్లను అడిగినట్టు అడిగింది. పిల్లలకు పళ్లు ఎలా తోముకోవాలో రోజూ నేర్పే మనిషిని నేను. అంతకు ముందొకసారి నడుము పట్టేసి వాంతులైతే స్కాను తీసి, కిడ్నీలో రాళ్లన్నారు. "మీరు నీళ్లు సరిగ్గా తాగరమ్మా" అన్నాడు ఆ డాక్టరు. నా చేతి సంచిలో ఎప్పుడూ రెండు నీళ్ల సీసాలుండేవి. ఒక పాఠం చెప్పడానికి ఎన్నిసార్లు గుక్క వేసేదాన్నో, బడిలో పిల్లలు నాకు నీళ్ల టీచరని పేరు పెట్టుకున్నారు. బిస్కెట్ తినాలన్నా పక్కన గ్లాసు ఉండాల్సిందే. ఆ మాట చెప్పబోతే ఆయన అప్పటికే చీటీ చింపి చేతిలో పెట్టేశాడు.

కళ్ల డాక్టరు కళ్లు చూశాడు. పళ్ల డాక్టరమ్మ పళ్లు చూసింది. రాళ్ల డాక్టరు రాళ్లు చూశాడు. వాటన్నిటినీ మోసుకు తిరిగే మనిషిని ఒక్కరూ చూడలేదు. ప్రతిచోటా నాదేదో తప్పున్నట్టు తలొంచుకుని బయటికి వచ్చాను.

అమ్మ పోయిన కొన్ని నెలలకు బలం తగ్గడం మొదలైంది. మా ఊళ్లో శ్రీహరికోట రాకెట్ లేచే రోజు బడి ఆగిపోతుంది. ఎవరో కేక వేయగానే పిల్లలంతా గ్రౌండులోకి పరిగెత్తుతారు. నేనూ వాళ్లతో పరిగెత్తి ఆకాశం చూసేదాన్ని. ఆ రోజు కేక వినబడి లేవబోతే తొడలు సహకరించలేదు. కుర్చీ చేతులు పట్టుకుని, బల్ల మీద బరువు వేసి లేచేసరికి బయట తెల్లటి పొగ చార మాత్రమే మిగిలింది. హెడ్మాస్టారు చూసి నవ్వారు.

"ఏం టీచర్, అప్పుడే వయసు మీద పడిందా?"

అందరితో పాటు నేనూ నవ్వాను. తర్వాత బోర్డు మీద పైవరస రాయడం కష్టమైంది. చెయ్యి భుజం దాకా లేచి అక్కడే ఆగిపోయేది. బోర్డు కింది సగంలోనే రాయడం అలవాటు చేసుకున్నాను. బస్సు మెట్టెక్కాలంటే వెనక ఎవరో ఒకరు తొయ్యాలి. కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ వచ్చేది. ఆ వచ్చిపోవడమే నాకు ఎదురు తిరిగింది. నిన్న బాగా నడిచిన మనిషి ఇవాళ నడవలేనంటే ఎవరు నమ్ముతారు? ఒకసారి బడి వరండాలో మోకాళ్లు మడతపడి కూలబడ్డాను. మధ్యాహ్నం భోజనం వండే అక్క పొయ్యి వదిలేసి పరిగెత్తుకొచ్చి, చంకల కింద చేతులేసి లేపింది. లోపల ఇద్దరు టీచర్లు మాట్లాడుకునేది నాకు వినబడింది.

"జనాభా లెక్కల డ్యూటీ వస్తా ఉండాది గదా. అందుకేలే."

ఆ మాట అన్నావిడ నా పక్క బల్ల మీద కూర్చునే మనిషి. మొన్నటి దాకా నా డబ్బాలో పులుసు పంచుకున్న మనిషి.

ఇక అసలు సంగతి. వానాకాలం మొదట్లో ఒక ఆదివారం చర్చిలో పెళ్లి విందు జరిగింది. కడుపునిండా అన్నం, పాయసం తిని ఇంటికొచ్చి పడుకున్నాను. పొద్దున మెలకువ వచ్చింది గానీ ఒళ్లు రాలేదు. కాళ్లు నావి కావు. తడి ఇసుక నింపిన గోతాలు రెండు నడుముకు కట్టినట్టున్నాయి. పక్కకు తిరుగుదామంటే తిరగలేకపోయాను. మా ఆయన్ని పిలిచాను.

"నేను లేవలేకపోతుండా."

"తిమ్మిరెక్కిందేమో, ఉండు" అని ఆయన కాళ్లు రుద్దాడు. స్పర్శ తెలుస్తోంది, నొప్పి తెలుస్తోంది, కదలిక మాత్రం లేదు. ఆయన ముఖంలో భయం చూశాకే నాకూ భయం వేసింది.

మా ఊళ్లో సూదిమందులు వేసే ఆయన ఒకడున్నాడు. చదివిన డాక్టరు కాకపోయినా ఊరంతా ఆయన్ని డాక్టరనే అంటుంది. వచ్చి, నీరసమన్నాడు. గోడకు మేకు కొట్టి గ్లూకోజ్ సీసా తగిలించాడు. సీసా సగం దిగేసరికి చేతులు కూడా పోయాయి. పూర్తయ్యేసరికి దిండు మీద నుంచి తల ఎత్తలేకపోయాను. "బాగా నీరసంగా ఉండాది, ఇంకో సీసా పెడదాం" అన్నాడు. మా ఆయన వద్దని చెప్పి, గుంటల యజమాని కారు అడిగి తెచ్చి, హైవే మీద టౌనులో ఉన్న ఒక నర్సింగ్ హోముకు తీసుకెళ్లాడు. ఆ టౌను పేరు రాయను. అలాంటి నర్సింగ్ హోములు ప్రతి టౌనులోనూ ఉన్నాయి.

అక్కడి డాక్టరు పెద్దాయన, పేరున్నవాడు. గోడ నిండా సన్మానాల ఫొటోలు. నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. ఆయన నా ముఖం వైపు చూడకుండా మా ఆయన్ని అడిగాడు.

"ఎప్పటి నుంచి?"

"పొద్దున నుంచి సార్. అంతకు ముందు కూడా అప్పుడప్పుడు కాళ్లు లాగేసేవి. పడిపోయింది కూడా."

"నాకు నోరు..." అన్నాను నేను.

"మీరు ఉండండమ్మా" అని చెయ్యి ఊపి, మళ్లీ మా ఆయన వైపు తిరిగాడు. "ఈమధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా? గొడవలు, మనస్పర్థలు?"

"గొడవలేం లేవు సార్. వాళ్లమ్మ పోయింది."

"ఏడ్చిందా?"

మా ఆయన తడబడ్డాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. "అంటే... కన్నీళ్లు రాలేదు సార్."

"అదీ సంగతి" అన్నాడు డాక్టరు, లెక్క తేలిపోయినట్టు. "దుఃఖం లోపలే పెట్టేసుకుంది. ఇప్పుడది కాళ్లలోకి దిగింది. ఆడవాళ్లలో ఇది మామూలే."

అప్పుడొక పని చేశాడు. నా కుడిచెయ్యి నిలువుగా పైకెత్తి, ముఖానికి సూటిగా పట్టుకుని వదిలేశాడు. అది ఎందుకు చేస్తారో నాకు తర్వాత తెలిసింది. నటించేవాళ్లు చెయ్యి ముఖం మీద పడకుండా పక్కకు తప్పిస్తారట. నా చెయ్యి తిన్నగా వచ్చి నా ముక్కు మీద పడింది. గాజు తగిలి పెదవి చిట్లింది. పక్కనున్న నర్సు "అయ్యో" అంది. ఆయన అప్పటికే వెనక్కి తిరిగి మందులు రాస్తున్నాడు. తాను పెట్టిన పరీక్షకు జవాబేం వచ్చిందో చూసేంత తీరిక కూడా ఆయనకు లేదు.

నిద్రమాత్రలు రాశాడు. మళ్లీ గ్లూకోజే పెట్టమన్నాడు. రక్తపరీక్ష ఒకటి చేశారు, షుగర్ ఉందేమోనని. షుగర్ లేదు. "ఏం లేదమ్మా, ధైర్యంగా ఉండాలి. మంచి మాటలు వినండి" అని నా తల మీద తట్టి వెళ్లిపోయాడు.

ఆ బల్ల మీద పడుకుని పైకప్పు ఫ్యాన్ వైపు చూస్తూ నేను పడిన అవమానం ఎలా చెప్పాలో తెలియదు. నా మెదడు బాగానే పనిచేస్తోంది. ప్రతి మాటా వినబడుతోంది. నా గురించి నా తల మీదుగా మాట్లాడుకుంటున్నారు. లేచి కూర్చుని, "నా నోరు ఎందుకు ఎండిపోతుందో అడగండి, నా పళ్లు ఎందుకు రాలిపోయాయో అడగండి" అని అరవాలని ఉంది. లేవడానికి ఒళ్లు లేదు. అరవడానికి నోట్లో తడి లేదు.

ఆ సమయంలోనే మేనత్త మా ఆయనకు ఫోన్ చేసింది. విషయం విని ఆమె అన్న మాట మా ఆయన చాలా రోజులు నా దగ్గర దాచాడు. "కన్నతల్లికి ఒక్క చుక్క రాల్చలేదు గదా, ఆ ఉసురు ఊరికే పోతుందా?" అందట. పెద్ద డాక్టరూ, చదువురాని మా మేనత్తా ఒకే మాట అన్నారు. ఆయన దానికి శాస్త్రం పేరు పెట్టాడు, ఆమె దేవుడి పేరు పెట్టింది.

సాయంత్రానికి కొంచెం సర్దుకుంటుందని ఇంటికి పంపారు. దారిలోనే ఊపిరి చాలడం లేదనిపించింది. రొమ్ము పైకి లేవడానికి మొరాయిస్తోంది. "ఊపిరాడటం లా" అని గొణిగాను. మా ఆయన డ్రైవరుతో ఒకటే మాట అన్నాడు. "ఇంటికొద్దన్నా. నెల్లూరు పోనీ."

నెల్లూరు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. కళ్ల కింద నల్లటి చారలు, నిద్ర చాలని ముఖం. నా మంచం దగ్గరికి వచ్చి ముందు నన్నే అడిగింది.

"ఏం జరిగిందమ్మా? మెల్లగా చెప్పండి, నేను ఉంటాను."

చెప్పడానికి నాలుక తిరగలేదు. ఆమె నర్సును పిలిచి చెంచాతో నీళ్లు పోయించింది. నేను మింగేదాకా ఆగింది. నా నోట్లోకి టార్చి వేసింది. నల్లబడ్డ పళ్ల మొదళ్లు, బీటలు వారిన నాలుక.

"నోరు ఎప్పుడూ ఇట్లాగే ఎండిపోతుందా? అన్నం నీళ్లు లేకుండా మింగగలరా?"

"లేదు."

"కళ్లు?"

"ఇసుక."

"ఏడిస్తే నీళ్లొస్తాయా?"

ఆ ప్రశ్న నన్ను అప్పటికి ఎంతమంది అడిగారో. నింద లేకుండా అడిగింది ఆమె ఒక్కతే. తల అడ్డంగా ఊపలేక కళ్లతోనే లేదన్నాను. ఆమె నా గుండెకు ఈసీజీ తీయించింది. ఆ కాగితం చూడగానే ఆమె గొంతు మారిపోయింది. రక్తం తీసి ల్యాబుకు పరిగెత్తించమంది. "గ్లూకోజ్ ఏమైనా పెట్టారా?" అని మా ఆయన్ని అడిగింది. రెండుచోట్లా పెట్టారని చెబితే పళ్లు బిగపట్టి మళ్లీ ల్యాబుకు ఫోన్ చేసింది.

నా రక్తంలో పొటాషియం దాదాపు అడుగంటింది. అది లేకపోతే కండ కదలదు. గుండె కూడా కండే. గ్లూకోజ్ ఎక్కించినప్పుడల్లా రక్తంలో మిగిలిన కాస్త పొటాషియం కూడా కణాల్లోకి వెళ్లిపోయి ఇంకా తగ్గిపోతుందట. అంటే బలం కోసమని పెట్టిన ప్రతి సీసా నన్ను గొయ్యి దగ్గరికి ఒక అడుగు తోసింది. ఆ డాక్టరమ్మ పక్కనే నిలబడి, గుండె చూపించే తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా, పొటాషియం చాలా మెల్లగా ఎక్కించింది. ఎక్కించే చెయ్యంతా మండిపోయింది. ఆ మంటకు నాకు సంతోషమే వేసింది. కొన్ని గంటలకు కాలి బొటనవేలు కదిలింది. మా ఆయన దాన్ని పట్టుకుని ఏడ్చాడు. ఆయనకు కన్నీళ్లు బాగానే వచ్చాయి.

వార్డులో ఉన్నప్పుడు మిగిలిన పరీక్షలు చేశారు. కింది పెదవి లోపల నుంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. కిడ్నీలు స్కాను తీస్తే వాటి నిండా సున్నం పేరుకుని ఉంది. ఒక మధ్యాహ్నం ఆ డాక్టరమ్మ మంచం మీద నా పక్కనే కూర్చుని విడమరిచి చెప్పింది.

"మన ఒంట్లో రోగాలతో పోరాడే బలం ఒకటుంటుంది గదమ్మా. మీ ఒంట్లో అది దారి తప్పి మీ మీదే తిరగబడింది. కన్నీరు, ఉమ్ము తయారయ్యే గ్రంథుల్ని ఎండగట్టింది. తర్వాత కిడ్నీల మీద పడింది. ఒంట్లో తయారయ్యే ఆమ్లాన్ని కిడ్నీలు బయటికి పంపలేకపోతున్నాయి, ఉంచుకోవాల్సిన పొటాషియాన్ని మూత్రంలో పారబోస్తున్నాయి. కళ్లు, నోరు, పళ్లు, రాళ్లు, కాళ్లు, అన్నీ ఒక్క జబ్బే."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

దానికి ఎవరో విదేశీ డాక్టరు పేరు పెట్టారట. నా ఎండిన నాలుకకు అది ఇప్పటికీ సరిగ్గా తిరగదు.

"మా అమ్మకు ఏడవలేదని నన్ను..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

"మీరెంత ఏడ్చినా రావమ్మా. బావిలో నీళ్లు లేకుంటే తోడేవాళ్ల తప్పెట్లా అవుతుంది?"

రోగం పేరు తెలిస్తే ఊరటగా ఉంటుందంటారు. నాకు ఊరట కలగలేదు. మంచం కమ్మీ పట్టుకుని పళ్లు కొరికాను, మిగిలిన పళ్లతో. అన్నేళ్ల పాటు నలుగురు డాక్టర్ల ముందు నోరు తెరిచి కూర్చున్న మనిషిని నేను. ఒక్కరు, ఒకే ఒక్కరు, ఇంకో ప్రశ్న అడిగి ఉంటే చాలు.

మా ఆయన కోపం నా కంటే ఆలస్యంగా వచ్చింది, వచ్చాక పోలేదు. మూత్రపిండాల సంగతి విన్న రోజు కారిడార్లో గోడకు ఆనుకుని అన్నాడు. "గుంటలో రొయ్య ఒళ్లు వంకరపోయి ఈదలేకపోతే, ఆ పూటే నీళ్లు ల్యాబుకు పంపిస్తాం. పొటాషియం తగ్గిందా, మెగ్నీషియం తగ్గిందా అని చూసి మందు చల్లుతాం. రొయ్యకు చేసిన పరీక్ష నా పెళ్లానికి చెయ్యలేదే!"

కాళ్లలో బలం వచ్చి, నా అంతట నేను బస్సెక్కగలిగిన మొదటి రోజు నేను బడికి పోలేదు. ఆ నర్సింగ్ హోముకు పోయాను. మా ఆయన వద్దన్నాడు. అయినా తోడు వచ్చాడు. డాక్టరు నన్ను గుర్తుపట్టలేదు. గుర్తు చేశాను. నెల్లూరు రిపోర్టు బల్ల మీద పెట్టాను. ఆయన అద్దాలు సవరించుకుని చదివాడు.

"ఊ... ఇది చాలా అరుదమ్మా. అందరికీ పొటాషియం చేయించం. మీరు ఆ రోజు చెప్పిన హిస్టరీని బట్టి..."

"నన్నేం అడగలేదు సార్ మీరు. మా ఆయన్ని అడిగారు."

"ఇప్పుడు బాగున్నారు గదా?" అన్నాడు మా ఆయన వైపు చూస్తూ.

"నా వైపు చూసి అడగండి సార్" అన్నాను. "మీరు నా చెయ్యెత్తి నా ముఖం మీద వదిలారు. పెదవి చిట్లింది. నేను నటించలేదని మీ పరీక్షే చెప్పింది. మీరు తిరిగి చూడలేదు. రేపు ఇంకో ఆడమనిషి కాళ్లు పడిపోయి వస్తే, వాళ్లింట్లో ఎవరు పోయారో అడిగే ముందు ఆమె రక్తం చూడండి."

ఆయన ముఖం ఎర్రబడింది. గంట నొక్కి తర్వాతి పేషెంట్‌ను పంపమన్నాడు. క్షమాపణ చెబుతాడని నేను అనుకోలేదు. తలుపు బయట బెంచీల మీద కూర్చున్న జనం నన్ను వింతగా చూశారు. ఆ రోజు నన్ను చూసి అయ్యో అన్న నర్సు మాత్రం మెట్ల దాకా వచ్చి, "మంచి పని చేసినారక్కా" అని గబగబా లోపలికి వెళ్లిపోయింది.

అక్కడి నుంచి బిట్రగుంట. అన్న ఇంట్లోనే ఉన్నాడు, మేనత్త కూడా వచ్చి ఉంది. నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అన్న తల వంచుకుని విన్నాడు. నేను చెప్పడం ముగించాక తల ఎత్తి మా ఆయన్ని అడిగాడు. "నిజమేనా బావా?"

"నేను చెప్తుండా గదన్నా! నా కళ్ల గురించి ఆయన్నెందుకు అడగతావు?" అన్నాను. నేను అన్న మీద గొంతెత్తడం జీవితంలో అదే మొదటిసారి. వదిన వంటింట్లోంచి తొంగి చూసింది.

మేనత్త మాత్రం ఒక్క అంగుళం కదల్లేదు. "ఏమోమ్మా. రోగమంటుండావు, నిజమే అయ్యుండొచ్చు. అయినా కన్నతల్లి గదా, ఒక్క చుక్కన్నా రాదా?" అంది. నేను లేచి చెప్పులేసుకున్నాను. ఆమె ముందు నా రోగాన్ని మళ్లీ వివరించదలచుకోలేదు. ఇప్పటికీ ఆమెతో నాకు మాటల్లేవు. పెద్దామెను క్షమించమని పాస్టరుగారు రెండుమూడు సార్లు చెప్పారు. ఆమె అడిగితే ఆలోచిస్తానన్నాను.

అన్న నన్ను రైలు స్టేషను దాకా దిగబెట్టాడు. ప్లాట్‌ఫారం మీద నీళ్ల సీసా కొని, మూత తీసి నా చేతికిచ్చాడు. ఆ తర్వాత వారం నుంచి ఫోన్ చేస్తున్నాడు. "మందు తాగినావా?" అని అడుగుతాడు. తాగానంటే పెట్టేస్తాడు. అంతకు మించి ఆయన నోట మాట రాదు. నేను కూడా పట్టుబట్టడం లేదు.

మందు రోజూ తాగాలి, బతికున్నంత కాలం. పొటాషియం సిరప్పు ఉప్పగా, చేదుగా, గొంతు కాలుస్తూ దిగుతుంది. ఆమ్లాన్ని తగ్గించే సోడా మాత్రలు, దారి తప్పిన ఒంటిని అదుపులో ఉంచే మాత్రలు వేరే. రక్తపరీక్షకు నెల్లూరు పోవాలి. కళ్లలో చుక్కలు గంటగంటకూ వేసుకోవాలి. అవి చెంప మీదికి జారినప్పుడు పిల్లల తల్లులెవరైనా చూస్తే, "ఎందుకు టీచర్ ఏడస్తుండారు? ఏడవబాకండి" అని ఓదారుస్తారు. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు చిరాకేస్తుంది. సీసాలోంచి కారితే గుర్తిస్తారు, గుండెలోంచి వస్తే గుర్తించరు.

ఈ మధ్య బడిలో ఒక సంగతి జరిగింది. నన్ను వరండాలో లేపిన వంట అక్క పని నెమ్మదించింది. అన్నం గిన్నె దించలేకపోయేది, కూరగాయలు తరుగుతూ మధ్యలో గోడకు ఆనుకునేది. హెడ్మాస్టారు ఇంకొకర్ని పెట్టుకుందామన్నారు. "ఈ మధ్య ఆమెకు ఒళ్లు వంగడం లేదు టీచర్. బాగా బద్ధకం వచ్చేసింది" అన్నారు.

ఆ మాటకు నా ఒళ్లు మండింది. "బద్ధకమని మీకు ఎవరు చెప్పారు సార్? రక్తం చూశారా?" అన్నాను. నా పక్క బల్లావిడ నోటుపుస్తకాలు దిద్దుతున్నట్టు తల దించుకుంది. శనివారం బడి వదిలాక అక్కను నేనే నెల్లూరు తీసుకుపోయాను. బస్సులో ఆమె ఒకటే గొడవ, "నాకేం లేదు టీచర్, వయసు మీద పడతుండాది, అంతే" అని.

నా జబ్బు కాదది. రక్తం బాగా తగ్గిపోయింది, థైరాయిడ్ కూడా ఉందన్నారు. సోమవారం ఆ మాట చెబితే హెడ్మాస్టారు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. "చూశారా టీచర్, మీరు భయపడినంత ఏం లేదు."

"నేను భయపడ్డానా లేదా అన్నది పక్కన పెట్టండి సార్. ఆమె లేవలేకపోతున్నానంది. అది నిజమా, కాదా?"

ఆయన రిజిస్టరు మూసి, "నిజమేలేండి" అన్నారు, ఎటో చూస్తూ.

అక్క మాత్రలు వేసుకుంటోంది. బరువు గిన్నెలు దించడానికి ఇంకొకామెను తోడు పెట్టారు. నిన్న మధ్యాహ్నం అక్క వంటగది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని వంకాయలు తరుగుతుంటే, గుడ్లు దించడానికి వచ్చినతను, "ఏందక్కా, కూర్చోని చేస్తుండావే పని?" అని వేళాకోళమాడాడు.

అక్క కత్తి ఆపలేదు. "ఒంట్లో బాగలేదు. డాక్టరు చెప్పినాడు. నీకేమన్నా ఇబ్బందా?" అంది.